తవ్వినోళ్లు మళ్లీ పూడ్చారా?

గుత్తి కోట ఎక్కే దారి మొదట్లో ఒక చిన్న సమాధుల తోట ఉంది. కంపెనీ కాలంలో ఇక్కడ చనిపోయిన ఇంగ్లీషు వాళ్లను అందులో పూడ్చారు. 1827 జూలైలో ఆ తోటలోకి ఒక పెద్దమనిషి వచ్చి చేరాడు. ఎక్కువ కాలం ఉండలేదు. 1831లో ఆయన్ని తవ్వి తీసి మద్రాసు తీసుకెళ్లి అక్కడి కోటలో ఉన్న చర్చిలో మళ్లీ పూడ్చారు. ఆయన పేరు సర్ థామస్ మన్రో. పోయేనాటికి మద్రాసు గవర్నరు. నెత్తిన కిరీటం లేదన్న మాటే గానీ, మన సీమ జిల్లాల వరకు రాజుకేం తక్కువ కాదు.

ఇప్పుడెందుకు ఈ సంగతి అంటారా? 'కార్ పార్కింగ్ కింద దొరికిన రాజు' అనే వీడియో మీ ఫీడ్‌లోకి కూడా ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటుంది. ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్ కథ అది. చూసిన ప్రతి ఒక్కరికీ వచ్చే డౌట్ ఒకటే. మనకూ బోలెడంత మంది రాజులున్నారు కదా, మన దగ్గర ఇలా ఎందుకు తవ్వరు?

తవ్వరని ఎవరన్నారు? మన దగ్గర తవ్వినంత ఎక్కడా తవ్వరేమో. పాత కోట కనిపిస్తే తవ్వుతాం, పాడుబడిన గుడి కనిపిస్తే తవ్వుతాం, చివరికి సమాధుల్ని కూడా వదలం. తేడా ఎక్కడుందంటే, దేనికోసం తవ్వుతున్నాం, తవ్విన తర్వాత ఏం చేస్తున్నాం అన్న దగ్గర.

ముందు ఆ కార్ పార్కింగ్ సంగతి

రిచర్డ్ 1485 ఆగస్టు 22న బోస్‌వర్త్ యుద్ధంలో చచ్చిపోయాడు. గెలిచినవాళ్లు శవాన్ని లెస్టర్ ఊరికి తెచ్చారు. అక్కడి సన్యాసులు తమ మఠం చర్చిలో హడావుడిగా పూడ్చేశారు. తర్వాత మఠం పోయింది, చర్చి పోయింది, ఆ చోటే జనం మర్చిపోయారు. గెలిచిన వంశం వాళ్ల కాలంలో రాసిన చరిత్రల్లో, నాటకాల్లో రిచర్డ్ గూనివాడు, చేయి ఎండిపోయినవాడు, పరమ దుర్మార్గుడు అయిపోయాడు. ఓడిపోయినోడి బయోడేటా ఎప్పుడూ గెలిచినోడే రాస్తాడు కదా.

అయిదు వందల ఏళ్ల తర్వాత ఫిలిప్పా లాంగ్లీ అనే రచయిత్రి, ఆయన అభిమానుల సంఘం, లెస్టర్ యూనివర్సిటీ పురావస్తు బృందం కలిసి పాత మ్యాపులు ముందేసుకున్నారు. మఠం ఉన్న చోట మునిసిపాలిటీ వాళ్ల కార్ పార్కింగ్ ఉందని తేలింది. 2012 ఆగస్టు 25న తవ్వకం మొదలుపెట్టారు. మొదటి రోజే ఎముకలు తగిలాయి. ఆ పక్కనే నేల మీద 'ఆర్' అనే ఇంగ్లీషు అక్షరం పెయింట్ చేసి ఉంది. 'రిజర్వ్‌డ్' అని అర్థమట. ఎవరికి రిజర్వ్ చేశారో తర్వాత తెలిసింది!

ఎముకలు దొరికితే పని అయిపోదు, అక్కడే మొదలవుతుంది. రిచర్డ్ అక్క వైపు ఆడసంతానం వెంట తరం తరం దిగుతూ వచ్చి, లండన్‌లో వడ్రంగి పని చేసుకునే మైకేల్ ఇబ్సెన్ దగ్గర ఆగారు. ఆయన డీఎన్‌ఏ ఎముకల డీఎన్‌ఏతో సరిపోయింది. ఇది రిచర్డేనని 2013 ఫిబ్రవరి 4న ప్రకటించారు. ఎముకలు ఇంకా చాలా చెప్పాయి. వెన్ను పక్కకు వంకర తిరిగిన మాట నిజం, గూని మాత్రం అబద్ధం. ఎండిపోయిన చెయ్యి కూడా అబద్ధమే. ఒంటి మీద 11 గాయాలున్నాయి, వాటిలో 9 తల మీదే. కడుపులో నులిపురుగులు ఉండేవని కూడా తేలింది. రాజైతే మాత్రం, కడుపు కడుపే కదా.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. ఎక్కడ పూడ్చాలి? దొరికిన ఊరు లెస్టర్. కానీ రిచర్డ్ యార్క్ వంశం వాడు కాబట్టి యార్క్‌లో పూడ్చాలని, దూరపు బంధువులమని చెప్పుకునే కొందరు కోర్టుకెక్కారు. అందరినీ అడిగి నిర్ణయం తీసుకోవాలన్నది వాళ్ల వాదన. అలా అడగాలన్న రూలేమీ లేదని 2014 మేలో హైకోర్టు తేల్చేసింది. 2015 మార్చి 26న లెస్టర్ కెథడ్రల్‌లో రాజలాంఛనాలతో మళ్లీ పూడ్చారు. ఆ శవపేటికను చేసింది ఎవరో తెలుసా? డీఎన్‌ఏ ఇచ్చిన వడ్రంగి ఇబ్సెనే. మరుసటి ఏడాది లెస్టర్ సిటీ జట్టు ఎవరూ ఊహించని విధంగా ప్రీమియర్ లీగ్ గెలిస్తే, అంతా రాజుగారి చలవేనని అభిమానులు సరదాగా చెప్పుకున్నారు.

ఈ కథలో ముచ్చటైన విషయం రాజు దొరకడం ఒక్కటే కాదు. వరుస చూడండి. ముందు ఒక ప్రశ్న ఉంది. దానికోసం తవ్వారు. జవాబు తీసుకున్నారు. తీసిన మనిషిని మర్యాదగా మళ్లీ మట్టిలో పెట్టారు. ఈ నాలుగు మెట్లు గుర్తుపెట్టుకుని, ఇప్పుడు మన ఊళ్లకు రండి.

మన్రోను ఎవరు తీసుకెళ్లారు?

1800లో నిజాం కంపెనీ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చేశాడు. దత్తమండలాలు అంటే ఇవే. రాయలసీమ అన్న పేరు రావడానికి ఇంకా 128 ఏళ్లు ఉంది. ఈ కొత్త జిల్లాలకు పెద్ద కలెక్టరుగా వచ్చినవాడు మన్రో. 1807 దాకా ఇక్కడే ఉన్నాడు. మొదట్లో ఆయన ఆఫీసు అనంతపురంలోనే.

ఆయన్ని దేవుణ్ని చేయక్కర్లేదు. దాదాపు 80 మంది పాలెగాళ్లను అణిచేశాడు. పొలం పొలం కొలిపించి, మధ్యలో జమీందారు లేకుండా రైతు పేరు మీదే శిస్తు రాయించాడు. రైతువారీ పద్ధతి అంటే అదే. ఈ రోజు మన తాతల పేర్ల మీద ఉన్న పట్టాలకు మూలం అక్కడే ఉంది. కానీ ఆ శిస్తు మామూలు భారం కాదు. వానలే లేని నేల మీద అంత పన్ను నిలవదని ఆయనకే అర్థమై, 25 శాతం తగ్గించమని 1807లో పైవాళ్లకు రాశాడు. వాళ్లు వినలేదు. రైతువారీనే పక్కనపెట్టి ఊళ్లను కౌలుకు ఇచ్చే పద్ధతి పెట్టారు. 1820లో ఆయన గవర్నరై వచ్చాక గానీ మళ్లీ రైతువారీ రాలేదు.

1827లో ఉద్యోగం ముగించుకుని ఇంటికి వెళ్లిపోయే ముందు, ఒకసారి పాత జిల్లాలు చూసొద్దామని బయల్దేరాడు. దారిలో దండులో కలరా పుట్టింది. జూలై 6న పత్తికొండ దగ్గర పొద్దున జబ్బు పడినవాడు రాత్రికి లేడు. గుత్తికి తెచ్చి పూడ్చారు. ఆయన గుర్తుగా పత్తికొండలో తోట వేయించి మెట్లబావి తవ్వించారు, గుత్తిలో సత్రం కట్టించారు. చూడండి, ఈ నేలకు ఏం కావాలో ఆ మాత్రం తెలిసినవాళ్లు కట్టించినవే ఇవన్నీ. నీడ, నీళ్లు, తలదాచుకునే చోటు.

తర్వాత 1831లో మద్రాసు గుర్తుకొచ్చింది. గవర్నరు ఎక్కడో మారుమూల గుత్తిలో ఉండటమేంటి అనుకున్నారేమో, అవశేషాలు తవ్వించి సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి చేర్చారు. 1839లో మద్రాసులో పెద్ద గుర్రపు విగ్రహం కూడా పెట్టారు. చాంట్రీ అనే శిల్పి చేసింది. ఇప్పటికీ చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ దగ్గర ఉంది. ఆ గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు అని చెన్నై వాళ్లు ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు.

అప్పటి గుత్తిని ఎవరూ అడగలేదు. అడిగే రోజులూ కావు. లెస్టర్, యార్క్ కోర్టులో కొట్టుకున్నట్టు గుత్తి, మద్రాసు కొట్టుకునే ప్రసక్తే లేదు. ఎముకలు రాజధానికి, ఎండ మనకు. ఈ లెక్క మనకు కొత్తా?

కానీ వాళ్లు తీసుకెళ్లలేనిది ఒకటి ఇక్కడే ఉండిపోయింది. సీమలో పిల్లలకు 'మన్రోలప్ప' అని పేర్లు పెట్టుకున్నారు. ఇంగ్లీషు వాడి పేరుకు చివర 'అప్ప' తగిలించి ఇంటివాణ్ని చేసుకున్నారన్నమాట. మంత్రాలయం వెళితే, మఠం భూముల సంగతి తేల్చడానికి వచ్చిన మన్రోతో బృందావనంలోంచి రాఘవేంద్రస్వామి మాట్లాడారని చెబుతారు. కడప జిల్లా గండిలో ఆంజనేయస్వామి గుడి దగ్గరికి వెళితే, పాపఘ్ని నది మీద రెండు కొండల మధ్య ఎవరికీ కనిపించని బంగారు తోరణం ఆయనకు కనిపించిందని, అది కనిపించినవాళ్లు ఎక్కువ రోజులు బతకరని, అన్నట్టే త్వరలో పోయాడని చెబుతారు. తిరుమలలో మన్రో గంగాళం సంగతి చెబుతారు. ఇవి నిజంగా జరిగాయా అన్నది వేరే లెక్క. ఎముకలు పోయిన మనిషిని ఈ నేల ఎలా దాచుకుందో చెప్పడానికి ఇవి చాలు.

గుత్తి తవ్వకాన్ని మన నాలుగు మెట్లలో పెట్టి చూద్దాం. ప్రశ్న లేదు. తవ్వారు. తీసుకెళ్లారు. పూడ్చారు, కానీ వేరే ఊళ్లో. అయినా గౌరవంగా పూడ్చారు కాబట్టి సగం మార్కులు వేయొచ్చు. సున్నా మార్కుల కథ తర్వాత వస్తుంది.

మన రాజులు మట్టిలో లేరు

విజయనగర రాజుల సంగతికి వద్దాం. పెనుకొండ ఆ రాజ్యానికి చివరి రోజుల్లో రాజధాని. కియా కార్ల ఫ్యాక్టరీ దగ్గర హైవే మీద వెళ్తూ కొండ వైపు చూస్తే ఆ కోటే. మరి అక్కడ తవ్వితే రాజులు దొరుకుతారా? దొరకరు. వాళ్లను పూడ్చలేదు, కాల్చారు. అస్థికలు నీళ్లలో కలిసిపోయాయి. డీఎన్‌ఏ తీయడానికి పన్ను ముక్క కూడా మిగల్లేదు.

ఆనెగొందిలో తుంగభద్ర మధ్య దీవి మీద 64 కాళ్ల మంటపం ఉంది. అది శ్రీకృష్ణదేవరాయల సమాధి అని అక్కడివాళ్ల నమ్మకం. డ్యామ్ గేట్లు ఎత్తి నీళ్లు గట్టిగా వదిలితే అది మునిగిపోతుంది, తగ్గాక మళ్లీ తేలుతుంది. ఏటా ఆ వీడియో వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది.

పూడ్చకుండా, కాల్చకుండా మిగిలిపోయిన అవశేషం కథ ఒకటుంది. 1565లో రక్కసి తంగడి యుద్ధంలో అళియ రామరాయల తల నరికారు. ఆ తలను తర్వాత చాలా కాలం అహ్మద్‌నగర్‌లో ఏటా యుద్ధం జరిగిన రోజున జనానికి చూపించేవారన్న కథనాన్ని రాబర్ట్ సీవెల్ 1900లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. రామరాయల తమ్ముడు తిరుమల పెనుకొండకు వచ్చి రాజ్యాన్ని నిలబెట్టుకున్నాడు. అన్న తల ఒకచోట, తమ్ముడి సింహాసనం ఇంకోచోట. ఓడిపోయిన రాజు శరీరం గెలిచినవాడికి ట్రోఫీ అవడం లెస్టర్‌లోనూ జరిగింది, దక్కనులోనూ జరిగింది. మతానికీ దేశానికీ సంబంధం లేని పాత జబ్బు అది.

మన దగ్గర కాల్చకుండా పూడ్చేది సన్యాసులను. మఠాల స్వాములను సమాధి చేసి పైన బృందావనం కడతారు. ఆనెగొంది దగ్గరే నవబృందావనం ఉంది. తొమ్మిది మంది మధ్వ యతుల సమాధులు అక్కడున్నాయి. అందులో ఒకరు వ్యాసరాయలు. కృష్ణదేవరాయలకు గురువు. రాయలకు కుహూ యోగం అనే గండం వస్తే, ఆ కాసేపు గురువే సింహాసనం మీద కూర్చుని గండం తప్పించాడని, అందుకే ఆయన పేరులో 'రాజు' చేరిందని చెబుతారు. గుంతకల్లు దగ్గర కసాపురం నెట్టికంటి ఆంజనేయుణ్ని ప్రతిష్ఠించింది కూడా వ్యాసరాయలేనని మనవాళ్ల నమ్మకం. శనివారం కసాపురం వెళ్లొచ్చే మన ఇళ్లకు ఆయన అంత దగ్గరివాడు.

పలుగు పట్టుకుని వచ్చినోళ్లు

2019 జూలైలో ఒక రాత్రి ఆ వ్యాసరాయల బృందావనాన్ని పగలగొట్టారు. రాళ్లు విప్పేసి కింద తవ్వారు. కొద్ది రోజుల్లోనే పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. గుప్తనిధుల కోసం చేశారని, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లినవాళ్లని చెప్పారు. సర్వసంగ పరిత్యాగి సమాధిలో బంగారం ఉంటుందని నమ్మారు వాళ్లు! సన్యాసి అంటేనే ఏమీ లేనివాడు అని వాళ్లలో ఒక్కడికీ తట్టలేదు.

కానీ ఆ తర్వాత జరిగింది చూడండి. పొద్దున విషయం తెలియగానే స్వాములు వచ్చారు, భక్తులు వచ్చారు, చుట్టుపక్కల ఊళ్ల జనం వచ్చారు. నది దాటి వచ్చి చెల్లాచెదురైన రాళ్లు ఏరి, ఒకటి రెండు రోజుల్లోనే బృందావనాన్ని మళ్లీ నిలబెట్టారు. కోర్టు చెప్పలేదు, టెండరు పిలవలేదు. తవ్వినోడు ఒకడు, పూడ్చినోళ్లు వందల మంది.

అదే నెలలో మన దగ్గర ఇంతకంటే ఘోరం జరిగింది. తనకల్లు మండలం కొర్తికోటలో ఒక పాత శివాలయంలో ముగ్గురు హత్యకు గురయ్యారు. గుప్తనిధుల కోణంలో పోలీసులు అనుమానిస్తున్నట్టు అప్పటి పేపర్లన్నీ రాశాయి. ఇది రాళ్లకు మాత్రమే సంబంధించిన విషయం కాదని చెప్పడానికే ఆ సంగతి గుర్తుచేస్తున్నా.

దొంగలే చేస్తారు, మనకేంటి అనుకోకండి. 2017 డిసెంబర్లో కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో తవ్వకాలు జరిగాయి. రాత్రిపూట దొంగచాటుగా కాదు. ప్రభుత్వ అనుమతితో, అధికారుల సమక్షంలో, పట్టపగలు, నిధి ఉందన్న నమ్మకం మీద! ఎముకలు, ఇటుకల్లాంటివి బయటపడ్డాయి. నిధి మాత్రం బయటపడలేదు. అప్పటి టీవీ చర్చలు గుర్తున్నవాళ్లకు తెలుసు, ఆ ఎముకల గురించి మాట్లాడినోళ్లు తక్కువ, బంగారం గురించి మాట్లాడినోళ్లు ఎక్కువ. లెస్టర్‌లో ఎముకలు తగలగానే తవ్వకానికి అర్థం వచ్చింది. మన దగ్గర ఎముకలు తగిలితే 'ఛీ, ఇవేనా' అనిపించింది.

ఎందుకిలా అంటే, ఊరికే దురాశ అని తీసిపారేయలేం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మనది. తొలకరి జల్లు పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం వంగి వంగి వజ్రాలు వెతుక్కుంటారు. ఒక్కోసారి నిజంగానే దొరుకుతాయి కూడా. వేరుశనగ వేస్తే పెట్టుబడి రాని చోట, బోరు వేస్తే 800 అడుగులకీ దుమ్మే లేచే చోట, భూమి లోపల ఏదో ఒకటి మన కోసం దాచి ఉంటుందన్న ఆశ చావదు. బోరు తవ్వినా ఆశే, గుడి తవ్వినా ఆశే. కాకపోతే బోరు వేసినోడు తన పొలం తవ్వుకుంటాడు. గుప్తనిధి వాడు మన అందరిదీ తవ్వేస్తాడు.

దీన్ని పెంచుతున్నది మన చేతిలో ఉన్న ఫోనే. 'పాము గుర్తు ఉన్న బండ కింద నిధి', 'ఈ మెటల్ డిటెక్టర్‌తో బంగారం గ్యారంటీ' అంటూ వీడియోలు లక్షల వ్యూస్ తెచ్చుకుంటున్నాయి. మీకు తెలియాల్సింది సింపుల్‌గా ఇది. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. భూమిలో దొరికిన దాని విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పి తీరాలి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ వీడియోల కింద డిస్క్రిప్షన్‌లో ఇవేవీ ఉండవు.

మరి మన రాజుల డీఎన్‌ఏ ఎక్కడ?

రాజుల ఎముకలు లేవు, సరే. వాళ్లని రుజువు చేసేది ఇంకేం లేదా? ఉంది. రాతి మీద ఉంది.

శ్రీకృష్ణదేవరాయలు ఏ రోజున చనిపోయాడో చాలా కాలం కచ్చితంగా ఎవరూ చెప్పలేకపోయారు. 1529 అనేవాళ్లు, 1530 అనేవాళ్లు. 2021లో జవాబు దొరికింది. మడకశిర దాటితే వచ్చే తుమకూరు జిల్లాలో, హొన్నేనహళ్లి అనే ఊళ్లో, గోపాలకృష్ణస్వామి గుడి దగ్గర ఒక కన్నడ శాసనం బయటపడింది. ఒక గుడి పూజల కోసం ఊరిని దానమిచ్చారన్నది అందులో అసలు విషయం. ఆ సందర్భం చెబుతూ రాయల మరణం సంగతి కూడా చెక్కారు. తేదీ లెక్కకడితే 1529 అక్టోబర్ 17, ఆదివారం, చంద్రగ్రహణం రోజు. అయిదు వందల ఏళ్ల ప్రశ్నకు ఒక్క రాయి జవాబు చెప్పింది.

లెస్టర్‌లో ఇబ్సెన్ రక్తం చేసిన పని, ఇక్కడ హొన్నేనహళ్లి రాయి చేసింది. అసలు తవ్వాల్సిన పనే రాలేదు, చదివితే సరిపోయింది.

ఇంకొకటి చెప్పనా? గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. రెండు వేల ఏళ్ల పైబడి అలా ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఉంటే, 1920ల చివర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త చూసి లోకానికి చెప్పేదాకా అవేమిటో బయట ఎవరికీ తెలియలేదు. మన్రో ఆఖరి ప్రయాణం చేసింది కూడా ఈ పత్తికొండ, గుత్తి మధ్యే. కాలరా వచ్చినా కరువు వచ్చినా ఆ బండ మాత్రం కదల్లేదు.

ఇక్కడే నా భయం. ఎముక పోతే ఒక మనిషి గుర్తు పోతుంది. శాసనం పోతే ఒక కాలం గుర్తే పోతుంది. నిధి వేటగాళ్లకు శాసనం అంటే 'కోడ్'. కింద ఏదో ఉందని చెప్పే రహస్య గుర్తు. అందుకే ముందు దాన్నే పెకలిస్తారు, అక్కడ ఏమీ లేకపోతే పగలగొట్టి పోతారు. అందులో రాసి ఉన్నది ఎక్కువసార్లు ఏమిటో తెలుసా? ఫలానా చెరువు తవ్వించాం, ఫలానా గుడికి పొలం ఇచ్చాం, ఫలానా ఊరికి పన్ను తగ్గించాం. నీళ్లు, భూమి, పన్ను. ఈ రోజుకీ సీమ రాజకీయమంతా ఈ మూడింటి చుట్టే కదా తిరుగుతోంది!

కాబట్టి ఈసారి పెనుకొండో, గుత్తో, రాయదుర్గమో రీల్ తీయడానికి వెళ్లినప్పుడు అక్షరాలున్న రాయి కనిపిస్తే ఇలా చేయండి. సుద్దముక్కతో రుద్దకండి, పెయింట్ వేయకండి, నూనె పూయకండి. పొద్దునో సాయంత్రమో ఎండ పక్క నుంచి పడేటప్పుడు ఫోటో తీయండి. నీడ పడితే అక్షరం లేస్తుంది. లొకేషన్ సేవ్ చేసుకోండి. అది ఎక్కడుందో అక్కడే వదిలేయండి. కేంద్ర పురావస్తు శాఖకు మైసూరులో శాసనాల విభాగం ఉంది. మన రాష్ట్ర పురావస్తు శాఖ ఉంది. ఊరివాళ్లు, టీచర్లు, చరిత్ర మీద ఇష్టమున్న మామూలు కుర్రాళ్లు పంపిన ఫోటోల వల్ల వెలుగులోకి వచ్చిన శాసనాల గురించి తరచూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. అవసరమైతే వాళ్లే వచ్చి తడి కాగితం రాతి మీద పరిచి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్ది అచ్చు తీసుకుంటారు. రాయి చోటు మారదు. చదవడం అయిపోయాక కూడా ఊరి దగ్గరే ఉంటుంది.

తవ్వడం పెద్ద విద్యేం కాదు. పలుగు, పార, ఇప్పుడైతే జేసీబీ, ఏది దొరికితే అది పట్టుకుని ఎవడైనా తవ్వుతాడు. మనిషి ఎలాంటివాడో గుంత తీసేటప్పుడు తెలియదు, గుంత పూడ్చేటప్పుడు తెలుస్తుంది. లెస్టర్ వాళ్లు వడ్రంగి చేసిన పెట్టెలో పెట్టి పూడ్చారు. మద్రాసు వాళ్లు తమ ఊరికి పట్టుకెళ్లి పూడ్చారు. ఆనెగొందిలో జనం తాము చేయని తప్పును తామే దిద్దారు. మన కొండల మీద పాత గుడుల దగ్గర నోళ్లు తెరుచుకుని ఉన్న గుంతలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి. వానాకాలం వస్తే అందులో నీళ్లు నిలుస్తాయేమో అంటే, మనకు ఆ వాన కూడా సరిగ్గా పడదాయె!